ఉల్మ్ మిన్‌స్టర్

దక్షిణ జర్మనీలో డాన్యూబ్ ఒడ్డున ఉన్న ఉల్మ్ పట్టణపు ప్రధాన చర్చి ఉల్మ్ మిన్‌స్టర్. పొడవు సుమారు 123 మీటర్లు, వెడల్పు 48 మీటర్ల పైచిలుకు, పడమటి గోపురం ఎత్తు 161.53 మీటర్లు. 1890 నుంచి 2025 దాకా ప్రపంచంలో ఇంతకన్న ఎత్తయిన చర్చి లేదు. ఇంత ఉన్నా ఇది కథీడ్రల్ కాదు. బిషప్ పీఠం ఉన్న చర్చినే కథీడ్రల్ అంటారు. ఆ లెక్కన మెదక్ చర్చి కథీడ్రల్ అవుతుంది. ఎత్తులో దానికి దాదాపు మూడు రెట్లుండే ఉల్మ్ చర్చి మాత్రం పారిష్ చర్చిగానే మిగులుతుంది. అంటే ఊళ్ళోవాళ్ళు బాప్తిస్మాలకూ పెళ్ళిళ్ళకూ ఆదివారం ఆరాధనకూ వచ్చే స్థానిక సంఘపు చర్చి అన్నమాట. ఉల్మ్‌లో బిషప్ ఎప్పుడూ కొలువు తీరలేదు. మధ్యయుగంలో ఈ ఊరు కాన్‌స్టన్స్ బిషప్ పరిధిలో ఉండేది. ఇప్పుడీ చర్చి వ్యుర్టెంబర్గ్ ప్రొటెస్టంట్ సంఘానిది.

యూరప్‌లో గోతిక్ చర్చిలు అనగానే రాజులూ బిషప్పులూ కట్టించినవే గుర్తుకొస్తాయి. ఉల్మ్ కథ వేరు. ఇక్కడ నిర్ణయించిందీ, డబ్బు పెట్టిందీ, మధ్యలో ఆపేసిందీ, మూడు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టిందీ ఊరే. ఈ చర్చిని భక్తి చిహ్నంగా కంటే ఒక పట్టణం జమాఖర్చుల పుస్తకంగా చూస్తేనే దాని రూపంలోని చాలా వింతలు అర్థమవుతాయి.

గోడ బయటి చర్చి

14వ శతాబ్దంలో ఉల్మ్ స్వతంత్ర నగరం. చక్రవర్తికి తప్ప మరే ప్రభువుకూ జవాబు చెప్పనక్కరలేని హోదా అది. నార, పత్తి కలిపి నేసే బట్ట ఆ ఊరికి సిరులు కురిపించింది. డాన్యూబ్ మీదుగా సరుకు రవాణా, ఇటలీతో వ్యాపారం సాగేవి. అయితే అంత ఊరికీ ఉన్న ఒక్క పారిష్ చర్చి కోటగోడకు అవతల, దాదాపు కిలోమీటరు దూరాన పొలాల్లో ఉండేది. పైగా దాని మీద హక్కులు ఊరివి కావు, రైషెనౌ మఠానివి.

1376లో నాలుగో చార్లెస్ చక్రవర్తి తన కొడుకు వెన్‌సెల్ ఎన్నికకైన ఖర్చును నగరాల నెత్తిన వేయబోయాడు. ఉల్మ్ ముందుండి నడిపించగా స్వాబియా నగరాలు కూటమి కట్టాయి. చక్రవర్తి సేనతో వచ్చి ఉల్మ్‌ను ముట్టడించాడు. గెలవలేక వెనుదిరిగాడు గానీ, గోడ బయటి చర్చి వల్ల ఉన్న ఇబ్బంది ఆ ముట్టడిలో ఊరందరికీ తెలిసొచ్చింది. తలుపులు మూస్తే ప్రార్థనకు దారి లేదు, చనిపోయినవాళ్ళను పూడ్చడానికీ దారి లేదు. 1377 మే నెలలో రాయిట్‌లింగెన్ దగ్గర నగరాల సేన వ్యుర్టెంబర్గ్ ప్రభువు సేనను ఓడించింది. ఆ మరుసటి నెల, జూన్ 30న, ఊరి నడిబొడ్డున కొత్త చర్చికి శంకుస్థాపన జరిగింది. ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. గెలిచిన ఊరు కట్టుకున్న చర్చి ఇది.

పునాది రాయిని వేసింది మతగురువు కాదు, నగర పాలకుడు లుట్జ్ క్రాఫ్ట్. ఆయన తన సంచిలోంచి నూరు బంగారు నాణేలు తీసి ఆ రాతి మీద పరిచాడనీ, ఆయన వెనక పెద్దింటివాళ్ళూ, ఆ తర్వాత సామాన్యులూ తలా కొంత వేశారనీ ఫెలిక్స్ ఫాబ్రి అనే సన్యాసి వంద ఏళ్ళ తర్వాత రాశాడు. ఫాబ్రి కళ్ళారా చూసినది కాదు కాబట్టి నాణేల లెక్కను అలాగే నమ్మనక్కరలేదు. లోపల ఒక రాతి ఫలకం మాత్రం ఇంచుమించు ఇదే మాట చెబుతుంది. అందులో క్రాఫ్ట్, ఆయన భార్య చెరో పక్కన నిలబడి చర్చి నమూనాను స్థపతి వీపు మీదికి ఎత్తుతుంటారు. స్థపతి నడుం వంచి ఆ బరువు మోస్తుంటాడు. డబ్బు ఎవరిదో, శ్రమ ఎవరిదో ఇంత సూటిగా చెక్కిన దాతల శిల్పాలు అరుదు.

అప్పటికి ఊరి జనాభా పదివేలకు మించదు. చర్చిలో మాత్రం ఇరవై వేల మంది నిలబడవచ్చు. అప్పట్లో చర్చిలో బల్లలుండేవి కావు, జనం నిలబడే ప్రార్థన చేసేవారు. అయినా ఉన్న జనానికి రెట్టింపు చోటు దేనికి? అవసరం కోసం కట్టిన కొలత కాదది. పాత చర్చిని విప్పి దాని శిల్పాలను, ద్వారాలను కొత్తదానిలో అమర్చారు. రైషెనౌ మఠం దగ్గరున్న హక్కులను 1446లో ఊరు కొనేసింది.

స్థపతులు, వాళ్ళ పట్టుదలలు

మొదటి ముగ్గురు స్థపతులూ పార్లర్ వంశం వాళ్ళు. మధ్య యూరప్ గోతిక్ నిర్మాణంలో ఆ వంశానిది పెద్ద పేరు. ప్రాగ్ కథీడ్రల్ కట్టిన పీటర్ పార్లర్ కూడా వాళ్ళలోవాడే. హైన్‌రిక్ పార్లర్ ఊహించిన చర్చిలో నడిమి శాల, రెండు పక్కశాలలు దాదాపు ఒకే వెడల్పున, ఒకే ఎత్తున ఉంటాయి. పెద్ద సావడి వంటి రూపం అది.

1392లో వచ్చిన ఉల్రిక్ ఫాన్ ఎన్‌సింగెన్ ఈ ఆలోచననే మార్చేశాడు. నడిమి శాలను పక్కశాలల కంటే చాలా ఎత్తుకు లేపాలన్నాడు. పడమట ఒకే ఒక మహాగోపురం ఉండాలన్నాడు. పేరున్న కథీడ్రల్స్‌కు ముందు రెండు గోపురాలుండటం వాడుక. ఒక్కటే గోపురం అయితే బరువంతా ఒక్కచోట పడుతుంది. పేరూ ఒక్కదానికే దక్కుతుంది. ఉల్రిక్ ఆ తర్వాత స్ట్రాస్‌బుర్గ్ కథీడ్రల్ గోపురం పని కూడా చేపట్టాడు. ఇక్కడ పని సాగుతుండగానే 1405లో చర్చి ప్రతిష్ఠ జరిగింది. ఆయన తర్వాత అల్లుడు, కొడుకు, మనవడు వరసగా పనిచేశారు. మనవడు మొరిట్జ్ ఎన్‌సింగర్ 1471 నాటికి నడిమి శాల మీద రాతి కప్పు ముగించాడు. నేల నుంచి దాని ఎత్తు 41.6 మీటర్లు.

ఇక్కడ గోతిక్ పద్ధతి గురించి కొంచెం చెప్పుకోవాలి. రాతి కప్పు బరువు కిందికే కాదు, పక్కలకూ తోస్తుంది. గుండ్రటి కమాను ఆ తోపును ఎక్కువగా పక్కకు పంపుతుంది. కొన తేలిన కమాను చాలావరకు కిందికి మళ్ళిస్తుంది. కప్పును గొడుగు ఊచల్లాంటి రాతి బద్దెల మీద నిలిపితే బరువు కొన్ని చోట్లకే చేరుతుంది. ఆ చోట్ల బయటినుంచి ఆనుస్తంభాలో, గాలిలో వంగి నిలిచే ఆసరా కమానులో కడితే, మధ్యలో గోడ అవసరం తగ్గి పెద్ద కిటికీలకు వీలవుతుంది. ఉల్మ్‌లో చిక్కు ఎక్కడొచ్చిందంటే, పార్లర్లు వేసిన పునాదుల మీద ఉల్రిక్ ఆశ నిలబడాల్సి వచ్చింది. పక్కశాలలు నడిమి శాలంత వెడల్పువి. ఆ వెడల్పంతా ఒక్క అంగలో దాటిన కప్పు గోడలను తోస్తోంది. పైన నడిమి శాల ఎత్తు పెరిగింది. ఆసరా కమానులు మాత్రం కట్టలేదు. పైగోడలు ఎక్కువగా ఇటుకతో కట్టారు. రాయి దొరకని ప్రాంతం కాబట్టి దూరం నుంచి తెచ్చిన ఇసుకరాయిని గోపురానికీ చెక్కుడు పనికీ దాచుకున్నారు.

1477లో పగ్గాలు అందుకున్న మాథ్యూస్ బోబ్లింగర్ గోపురానికి కొత్త నమూనా గీశాడు. పైన అల్లికలాంటి రాతి శిఖరం, సన్నగా పైకి పోయే రూపం. ఆ తోలు కాగితపు బొమ్మ ఇప్పటికీ ఉంది. అందంలో దానికి సాటి గోతిక్ నమూనాలు తక్కువే. కానీ గోపురం బరువు పెరిగేకొద్దీ కింద నేల కుంగసాగింది. 1492లో ఆరాధన జరుగుతుండగా గోపురంలోంచి రాళ్ళు ఊడి పడ్డాయి. లోపలి జనం బయటికి పరుగు తీశారు. బోబ్లింగర్ ఊరు విడిచి వెళ్ళిపోయాడు. స్థపతి మీద ఆనాటి ఊళ్ళు ఎంత ఆశ పెట్టుకునేవో, పని చెడితే అంత నిర్దయగా ఉండేవి.

చర్చిని నిలబెట్టిన మనిషి ఆగ్స్‌బుర్గ్ నుంచి వచ్చిన బుర్క్‌హార్ట్ ఎంగెల్‌బెర్గ్. ఆయన గోపురం పునాదులను బలపరిచాడు, గోపురం పక్కల తెరిచి ఉన్న కమానులను రాతితో మూయించాడు. ఆ తర్వాత పక్కశాలల పాత కప్పులు తీయించి, ఒక్కో శాల మధ్యలో సన్నని గుండ్రటి స్తంభాల వరస నిలిపి, చిన్న కప్పులు వేయించాడు. అంగ సగమయ్యేసరికి తోపూ తగ్గింది. ఈ మార్పు 1507కు పూర్తయింది. అలా మూడు శాలల చర్చి ఐదు శాలలదయింది. ఈనాడు చూసినవాళ్ళు ఆ సన్నని స్తంభాల వరసలనే ఉల్మ్ మిన్‌స్టర్‌లోని మనోహరమైన భాగం అంటారు. అవి అందం కోసం పుట్టినవి కావు. కూలిపోకుండా ఆపడానికి పెట్టిన గుంజలు. నా మటుకు ఈ చర్చి మొత్తంలో అతి తెలివైన పని ఇదే. బోబ్లింగర్ నమూనాకు దక్కిన కీర్తిలో పదోవంతు కూడా ఎంగెల్‌బెర్గ్‌కు దక్కలేదు.

కొయ్యలో తత్వవేత్తలు

లోపలి పనితనంలో మొదట చెప్పుకోవాల్సినవి తూర్పు భాగంలోని కొయ్య ఆసనాలు. గురువులు కూర్చోవడానికి ఓక్ కొయ్యతో 1469, 1474 మధ్య యోర్గ్ సిర్లిన్ కార్ఖానా చేసినవి. ఆసనాల వరసల చివర్న, మోచేయి ఎత్తులో నిండు శిల్పాలున్నాయి. ఉత్తరం వైపు పురుషులు, దక్షిణం వైపు స్త్రీలు. వీళ్ళంతా పునీతులూ ప్రవక్తలూ అయ్యుంటారని అనుకుంటాం. కానీ ఉత్తరాన కనిపించేది వీణ మీటుతున్న పైథాగరస్, ఖగోళ యంత్రం పట్టుకున్న టాలెమీ, ఇంకా సిసెరో, సెనెకా, టెరెన్స్, క్వింటిలియన్. దక్షిణాన గ్రీకు, రోమన్ గాథల్లో భవిష్యత్తు చెప్పే సిబిల్లులు. బైబిలు మనుషులు వాళ్ళకు వెనక, పైన ఉంటారు. క్రీస్తుకు ముందటి జ్ఞానం కింది మెట్టు, బైబిలు పై మెట్టు అన్న వరస అది. అయినా చేతికందే ఎత్తులో, కంటికెదురుగా ఉన్నవాళ్ళు అన్యమతస్థులే. సిర్లిన్ వాళ్ళ ముఖాలను పుస్తకాల్లో చదివిన పేర్లలా చెక్కలేదు. ముడతలు పడ్డ కనురెప్పలు, బిగిసిన పెదవులు, సంతలో బేరమాడే మనుషుల్లాంటి చూపులు. ఊళ్ళోవాళ్ళనే కూర్చోబెట్టి చెక్కాడని చూసినవాళ్ళకు అనిపించడంలో ఆశ్చర్యం లేదు.

ప్రసంగ వేదిక మీది కొయ్య ఛత్రం 1510 నాటిది, యోర్గ్ సిర్లిన్ కొడుకు చేసింది. అందులో ఒక చమత్కారముంది. ఛత్రం లోపల బొమ్మ మెట్లు చుట్టలు తిరుగుతూ పైకి పోయి ఇంకో చిన్న వేదిక దగ్గర ఆగుతాయి. మనిషి ఎక్కలేని వేదిక అది. కింద నిలబడి మాట్లాడే బోధకుడికి పైన పరిశుద్ధాత్మ అనే అసలు బోధకుడున్నాడని గుర్తు చేయడానికి పెట్టింది.

పడమటి ప్రధాన ద్వారం పైన సృష్టి కథ చెక్కి ఉంది. ద్వారం మధ్య స్తంభం దగ్గర హాన్స్ ముల్చర్ 1429లో చెక్కిన క్రీస్తు విగ్రహం గాయాలు చూపుతూ నిలబడి ఉంటుంది. ఇప్పుడు బయట ఉన్నది ప్రతి, అసలుది లోపల భద్రపరిచారు. తూర్పు భాగానికి దారితీసే కమాను మీద 1471 నాటి అంతిమ తీర్పు చిత్రం, రొట్టె ప్రసాదం దాచడానికి కట్టిన 26 మీటర్ల రాతి మందసం, 15వ శతాబ్దపు రంగుటద్దాల కిటికీలు కూడా చూడదగ్గవే. కిటికీలకు దాతలు వృత్తి సంఘాలూ పెద్ద కుటుంబాలూ. ఎవరి కిటికీ ఎవరిదో తెలిసేలా తమ చిహ్నాలు వేయించుకున్నారు.

విగ్రహాలు తీసేసిన ఊరు

1530 నవంబరులో ఉల్మ్ పౌరులు వృత్తి సంఘాల వారీగా ఓటు వేసి, అత్యధిక సంఖ్యతో మత సంస్కరణ వైపు మొగ్గారు. మరుసటి జూన్‌లో చర్చిలోని దాదాపు అరవై బలిపీఠాలను తొలగించారు. తాతలు ఇచ్చిన వాటిని మనవలు ఇంటికి తీసుకుపోవడానికి వీలిచ్చారు, తీసుకుపోనివి చెక్కముక్కలయ్యాయి. కూర్చోవడానికి పనికొచ్చే ఆసనాలు మిగిలాయి. అంతిమ తీర్పు చిత్రం మీద సున్నం కొట్టారు. ఆ సున్నమే దాన్ని కాపాడింది. 1880లో గీకి చూస్తే కింద రంగులు బయటపడ్డాయి. ఇప్పుడు ప్రధాన బలిపీఠం మీద ఉన్నది మార్టిన్ షాఫ్‌నర్ 1521 నాటి పని. అది తర్వాతి కాలంలో అక్కడికి చేరింది.

1543లో నిర్మాణం ఆగిపోయింది. గోపురం వంద మీటర్ల దగ్గర మొండిగా నిలిచింది. మత సంస్కరణే కారణమని అనడం మామూలు. అంతకన్నా బలమైన కారణం డబ్బు. అట్లాంటిక్ దారులు తెరుచుకున్నాక ఇటలీ మీదుగా సాగే వ్యాపారం సన్నగిల్లింది, ఆ తర్వాత యుద్ధాలొచ్చాయి. 1802లో ఉల్మ్ స్వతంత్ర హోదా కూడా పోయి బవేరియాకు, 1810లో వ్యుర్టెంబర్గ్‌కు చెందింది. మూడు శతాబ్దాల పాటు ఊరు ఆ మొండి గోపురం కిందే బతికింది. 1763లో పిల్లవాడైన మోట్సార్ట్ ఇక్కడి ఆర్గన్ వాయించి వెళ్ళాడు.

పందొమ్మిదో శతాబ్దపు శిఖరం

1842లో కొలోన్ కథీడ్రల్ పని మళ్ళీ మొదలైంది. గోతిక్ అంటే జర్మనీ సొంత శైలి అని నమ్మిన రోజులవి. నిజానికి ఆ శైలి పుట్టింది ఫ్రాన్స్‌లో. 1844లో ఉల్మ్ కూడా పని ప్రారంభించింది. ఫెర్డినాండ్ త్రేన్ అనే స్థపతి మొదట చేసినది అలంకారం కాదు, నాలుగు వందల ఏళ్ళుగా లేని ఆసరా కమానులు కట్టించడం. ఈనాటి ఫొటోల్లో చర్చికి రెండు వైపులా వరసగా కనిపించే ఆ కమానులు మధ్యయుగానివి అనుకుంటే పొరపాటే. తూర్పున ఉన్న 86 మీటర్ల జంట గోపురాలు కూడా 1880 నాటికే తయారైనవి. డబ్బు కోసం చందాలు పోగుచేశారు, లాటరీలు నడిపారు. 1877లో అయిదు వందల ఏళ్ళ పండుగకు ఉల్మ్ యూదులు యిర్మీయా ప్రవక్త విగ్రహాన్ని కానుకగా ఇచ్చారు.

మహాగోపురాన్ని ముగించింది ఆగస్ట్ ఫాన్ బాయర్. ముందు పునాదులను మళ్ళీ గట్టిపరిచి, బోబ్లింగర్ నమూనా ప్రకారం కడుతూ, ఎత్తు మాత్రం సుమారు పది మీటర్లు పెంచాడు. కొలోన్ గోపురాలు 157 మీటర్లు. వాటిని దాటాలన్నదే ఆ పెంపు వెనక ఉన్న సంగతి. 1890 మే 31న శిఖరం చివరి రాయి కూర్చారు. చర్చిల్లో మొదటి స్థానం దక్కింది గానీ, కట్టడాలన్నింటిలో కాదు. వాషింగ్టన్ స్తంభం 169 మీటర్లతో అప్పటికే ఉంది, పారిస్‌లో ఐఫెల్ టవర్ ఏడాది కిందటే లేచింది. కాబట్టి గోతిక్ శిల్పకళకు పరాకాష్ఠగా చెప్పుకునే ఈ గోపురంలో పైమూడో వంతు ఇనుప టవర్ల కాలానిది. దీన్ని నకలు అని కొట్టిపారేయడం సరికాదు. నమూనా పాతది, రాయి పాత రకందే, చెక్కినవాళ్ళు చేతిపని శిల్పులే. అలాగని మధ్యయుగపు గోపురం అని చెప్పడమూ సరికాదు. రెండు కాలాలు ఒకే కాగితం మీద పనిచేసిన కట్టడం అనడం సబబు.

పైకి 768 మెట్లుంటాయి. చివరి మెట్ల వరస మనిషి భుజాలు గోడలకు తగిలేంత ఇరుకు. 143 మీటర్ల దగ్గర మెట్లు ఆగుతాయి. వాన వెలిసి ఆకాశం తేటగా ఉన్న రోజు అక్కడినుంచి ఆల్ప్స్ కనబడతాయి.

పైకప్పు నడినెత్తిన ఒక పిచుక బొమ్మ ఉంటుంది. చర్చి కోసం తెచ్చిన పెద్ద దూలాన్ని అడ్డంగా పట్టుకుని ఊరి ద్వారంలో దూర్చలేక జనం తికమక పడుతుంటే, పిచుక ఒకటి గడ్డిపరకను నిలువుగా ముక్కున పట్టి గూట్లోకి దూరి దారి చూపిందట. ఉల్మ్‌వాళ్ళు తమ తెలివితక్కువతనం మీద తామే వేసుకున్న ఈ ఎకసెక్కం ఊరికి గుర్తయిపోయింది. చరిత్రతో దీనికి పొత్తు లేదు.

తర్వాతి కాలం

1944 డిసెంబరు 17 రాత్రి బాంబు దాడిలో ఉల్మ్ పాతపేటలో ఎక్కువ భాగం నేలమట్టమైంది. చుట్టూ శిథిలాలు మిగిలినా చర్చికి పెద్ద దెబ్బ తగల్లేదు. పోయిన కిటికీల చోట తర్వాత కొత్తవి వచ్చాయి. వాటిలో ఒకదానిలో కోపర్నికస్, కెప్లర్, గెలీలియో, న్యూటన్‌లతో పాటు ఐన్‌స్టీన్ కూడా ఉన్నాడు. ఆయన 1879లో ఉల్మ్‌లోనే పుట్టాడు. పదిహేను నెలలకే కుటుంబం మ్యూనిక్ వెళ్ళిపోయింది. నాజీల కాలంలో ఆయన పేరిట ఉన్న వీధికి పేరు మార్చిన ఊరు ఇదే. పైథాగరస్‌ను కొయ్యలో కూర్చోబెట్టిన చర్చిలో భౌతిక శాస్త్రవేత్తను గాజులో నిలపడం ఆ పాత అలవాటుకు కొనసాగింపే.

చర్చి పక్కన రాతిపనివాళ్ళ కార్ఖానా ఇప్పటికీ నడుస్తోంది. ఇసుకరాయి పొగకూ మంచుకూ పొలుసులు రాలుతుంది; ఒక చివర బాగుచేసి రెండో చివరకు వచ్చేసరికి మొదటిచోట మళ్ళీ పని పుడుతుంది. యూరప్‌లోని ఇలాంటి కార్ఖానాల సంప్రదాయాన్ని 2020లో యునెస్కో వారసత్వాన్ని కాపాడే మంచి పద్ధతుల జాబితాలో చేర్చింది. పని ఎప్పుడూ పొగ, మంచులతోనే ఉండదు. ముందున్న మైదానంలో పండుగలూ సంతలూ జరిగిన రాత్రులు గోడవారన మూత్రం పోసేవాళ్ళు ఎక్కువయ్యారనీ, అందులోని లవణాలు అడుగురాళ్ళను తినేస్తున్నాయనీ 2016లో నిర్వాహకులు మొరపెట్టుకుంటే నగరం జరిమానాను 100 యూరోలకు పెంచింది.

2025 అక్టోబరు 30న బార్సిలోనాలోని సగ్రాద ఫమీలియా నడిమి గోపురం మీద శిలువలో ఒక భాగాన్ని ఎక్కించడంతో దాని ఎత్తు 162.91 మీటర్లకు చేరి, ఉల్మ్ రెండో స్థానంలోకి వచ్చింది.